గడియ కదులుతోంది: సస్పెన్స్ సీన్‌లో కెమెరాతో టెన్షన్ పెంచడం ఎలా?

రాత్రి వంటగదిలో ఒకామె ఒంటరిగా ఉంది. ఆమె వెనక పెరటి తలుపు గడియ మెల్లగా జరుగుతోంది. ఈ ఒక్క నిమిషం సీన్‌ని ఎలా తీయాలో చూద్దాం.

1. ముందు ఎవరికి ఏం తెలుసో తేల్చుకోండి. దొంగ ఒక్కసారిగా తలుపు తోసుకొస్తే ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు, రెండు క్షణాల్లో తేరుకుంటాడు. గడియ కదలడం ప్రేక్షకుడికి చూపించి ఆమెకు తెలియనివ్వకపోతే, ఆమె గిన్నె మీద మూత తీస్తున్నా ఊపిరి బిగబట్టి చూస్తాడు. కాబట్టి మొదటి షాట్ గడియదే.

2. గడియ క్లోజప్. లైటు పక్క నుంచి వేయండి, తుప్పు గరుకుగా కనిపిస్తుంది. గడియకు సన్నని నైలాన్ దారం కట్టి ఫ్రేమ్ బయటి నుంచి లాగించండి. అర అంగుళం జరగాలి, ఆగాలి, మళ్లీ జరగాలి. భయం పుట్టేది ఆ ఆగిన చోటే, అక్కడ తొందరపడి కట్ చెప్పకండి.

సెకనుకు 24 ఫ్రేములు పెట్టుకుంటే షట్టర్ స్పీడ్ (ఒక్కో ఫ్రేమ్‌కి వెలుతురు పడే సమయం) సెకనులో 1/50 వంతు ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/60 పెడితే కొన్ని ట్యూబ్‌లైట్ల కింద చారలు పాకుతాయి.

3. లాంగ్ షాట్. ట్రైపాడ్ మీద కెమెరా కదలకూడదు. ఆమె ఎడమ అంచున స్టవ్ దగ్గర, వీపు తలుపు వైపు. కుడివైపు మూడింట రెండు వంతులు చీకటి, ఆ చీకట్లో తలుపు. ఆమెను ఫ్రేమ్ మధ్యలో నిలబెడితే ఆ ఖాళీ రెండు ముక్కలై బలం పోతుంది.

4. ట్రాలీ షాట్, అంటే కెమెరాను చక్రాల బండి మీద జరుపుతూ తీసేది. అసలు పని ఇక్కడే. 35 ఎంఎం లెన్స్‌తో ఆమె ముందు ఆరడుగుల దూరంలో మొదలుపెట్టి, 20 సెకన్లలో మూడడుగుల దగ్గరికి రండి. ముఖం రెట్టింపవుతుంది. ఆమెకు పదడుగుల వెనకున్న తలుపు మాత్రం పావు వంతు కూడా పెరగదు. జూమ్ చేస్తే రెండూ ఒకేలా పెరుగుతాయి, మనం ఆమె దగ్గరికి చేరుతున్నామన్న భావన రాదు. కదలిక మొదలైనట్టు కంటికి తెలిసిందంటే వేగం ఎక్కువైనట్టే, ఇంకో టేక్ తీయండి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో లెన్స్ అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్ 2.8 దగ్గర ఉంటే, చివరికొచ్చేసరికి ఫోకస్‌లో ఉండేది నాలుగైదు అంగుళాల లోతే. అందుకే నేల మీద అడుగుకో టేప్ ముక్క అతికించి, ఫోకస్ పుల్లర్‌తో (షాట్ నడుస్తుండగా ఫోకస్ మార్చే అసిస్టెంట్‌తో) రెండు మూడు రిహార్సల్స్ చేయించండి.

5. లుక్. ఆమె తల తిప్పి చూస్తుంది. లాంగ్ షాట్‌లో తలుపు కుడివైపు ఉంది కాబట్టి క్లోజప్‌లోనూ ఆమె కుడివైపే చూడాలి. ఆమెను, తలుపును కలిపే ఊహా గీతను దాటి కెమెరా అవతలికి వెళ్లిందంటే, ఆమె తలుపును వదిలేసి గోడను చూస్తున్నట్టు ఉంటుంది. ముందు ముఖం చూపించి మూడు సెకన్లు ఆగండి, ఆ తర్వాతే ఆమె చూసింది చూపించండి. ఆ షాట్‌కి కెమెరా ఆమె కళ్ల ఎత్తులోనే ఉండాలి.

హ్యాండ్‌హెల్డ్ (కెమెరా చేత్తో పట్టుకుని తీయడం) తలుపు తెరుచుకునే దాకా వద్దు. మొదటి నుంచీ కెమెరా ఊగుతుంటే, అసలు గొడవ మొదలయ్యేసరికి పెంచడానికి ఏమీ మిగలదు. ఫ్రేమ్ వంచాలనుకుంటే ఐదారు డిగ్రీలు చాలు, అదీ ఒక్క షాట్‌కే.

6. ప్రతి టేక్‌కీ యాక్షన్‌కు ముందు, తర్వాత ఐదేసి సెకన్లు అదనంగా రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో గడియ ఆగిన క్షణాన్ని సాగదీయాలంటే ఆ సెకన్లే కావాలి.