పాత ఇంకు పెన్ను ఎవరి చేతిలో పెట్టాలి? విశాఖ వాళ్ళ కోసం

రిపేరు చేసేవాళ్ళ కోసం బయల్దేరే ముందు పెన్నుకి ఒక రాత్రి నీళ్ళ వైద్యం చేసి చూడండి. బీరువాలో 20 ఏళ్ళు పడి ఉన్న పెన్ను రాయనని మొరాయిస్తే, చాలాసార్లు తప్పు పెన్నుది కాదు, లోపల గడ్డకట్టిన ఇంకుది. చిన్న గ్లాసులో పాళీ మునిగేంత మామూలు నీళ్ళు పోసి పెన్నుని నిలబెట్టండి. పొద్దున నీళ్ళు పీల్చి వదలడం మొదలుపెట్టి, రంగు పోయేదాకా కానివ్వండి. వేడినీళ్ళు వద్దు. నల్ల ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నయితే పావుగంట చాలు, ఎక్కువసేపు నానితే నలుపు పోయి గోధుమ రంగుకి తిరుగుతుంది. స్పిరిట్‌తో కడగమని ఎవరు చెప్పినా వినకండి. చాలా పాత పెన్నుల ఒంటికి వాడిన సెల్యులాయిడ్ అనే ప్లాస్టిక్ దానికి కరుగుతుంది.

ఇంకోటి కూడా జబ్బు కాదు. డ్రాపర్‌తో ఇంకు పోసుకునే పెన్ను, ఇంకు బాగా తగ్గాక ఉన్నట్టుండి కాగితం మీద బొట్టు కక్కుతుంది. చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఇంకుని తోసేస్తుంది. మే నెల విశాఖలో ఇది మామూలే. పావువంతు మిగిలేసరికి మళ్ళీ నింపుకుంటే చాలు. దీనికి ఫీడ్ (పాళీ కింద ఉండి దానికి ఇంకు అందించే ముక్క) మార్చాలని, పాళీ మార్చాలని ఎవరైనా డబ్బు అడిగితే ఆ మనిషి సంగతి మీకు అక్కడే తెలిసిపోయినట్టు.

నీళ్ళతో తీరని జబ్బయితే వెతుకులాట ఊళ్ళోనే మొదలుపెట్టండి. పూర్ణా మార్కెట్, వన్‌టౌన్, జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు పాత స్టేషనరీ షాపుల్లోకి వెళ్ళి "పాళీలు విడిగా ఉన్నాయా అండీ?" అని అడగండి. "ఏ పెన్నుకి? తెచ్చారా?" అని ఎదురు ప్రశ్న వేసిన షాపు పనికొస్తుంది. డబ్బా ముందుకి తోసి "ఏదైనా పడుతుంది" అన్న చోట ఎక్కువసేపు నిలబడక్కర్లేదు. పాళీ వెడల్పు, ఫీడ్ మందం రెండూ కుదరకపోతే పాళీ పట్టు జారుతుంది, లేదా ఇంకు కారుతుంది. రిపేరు ఎవరు చేస్తారో కూడా అక్కడే అడగండి. సంబంధం లేని ముగ్గురి నోట ఒకే పేరు వచ్చిందంటే వెళ్ళి చూడొచ్చు.

వాచీలు బాగుచేసేవాళ్ళ దగ్గర భూతద్దం ఉంటుంది, చెయ్యి నిలకడ ఉంటుంది. వంగిన క్లిప్పు సరిచేయడానికి వాళ్ళు చాలు. పాళీ మాత్రం ముట్టుకోనివ్వకండి.

పెన్ను ఎబొనైట్‌దైతే రాజమండ్రి దారి పట్టండి. రైల్లో 200 కిలోమీటర్లు, పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అక్కడ 1932 నుంచి పేరున్న రత్నం పెన్నులు ఉన్నాయి, గైడర్ పెన్నులూ ఉన్నాయి. ఫీడ్ పోయినా, పట్టుకునే భాగం విరిగినా ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పి కొత్తది చేయగల విద్య అది. అయితే లేతు పని వేరు, లోపల ఇంకు నిలవ ఉండే రబ్బరు సంచి మార్చే పని వేరు. పార్కర్, షెఫర్ లాంటి విదేశీ పెన్నులకి ఆ మోడల్ భాగాలు, పనిముట్లు ఉన్నవాళ్ళే కావాలి. హైదరాబాద్ అబిడ్స్‌లోని డెక్కన్ పెన్ స్టోర్స్ పేరు పెన్నులవాళ్ళకి తెలిసిందే. ఎంత పేరున్న చోటైనా సరే, పెన్ను ఇచ్చే ముందు ఈ కింది ప్రశ్నలు అడగాల్సిందే. ఫోన్‌లోనే అడిగేయొచ్చు.

మొదటిది: "రబ్బరు సంచి దేంతో అతికిస్తారండీ?" రావలసిన జవాబు లక్క, అంటే షెల్లాక్. అది పట్టు నిలుపుతుంది, రేపు అవసరమైతే కొద్దిపాటి వేడికి వదులుతుంది. ఫెవిక్విక్ అన్నారంటే దండం పెట్టి వచ్చేయండి. ఆ జిగురు పడ్డ పెన్ను మళ్ళీ విప్పాలంటే పగలాల్సిందే. సంచి నంబరు కూడా అడగండి. 16 నంబరంటే అంగుళంలో 64 భాగాలు చేస్తే 16, అంటే పావు అంగుళం, సుమారు 6.35 మిల్లీమీటర్లు. పని తెలిసినవాళ్ళు "విప్పి కొలిచి చెప్తా" అంటారు. సంచి పొడవు కోసుకోవాలి, పైన టాల్కమ్ చల్లాలి. మొహానికి రాసుకునే సెంటు పౌడరు కాదు, వట్టి టాల్క్. లక్క ఒక రాత్రి ఆరాలి. కాబట్టి "గంటలో ఇచ్చేస్తా, టీ తాగి రండి" అనే చోట టీ తాగి ఇంటికి వచ్చేయడమే మేలు.

రెండోది: "ఎలా విప్పుతారు?" రావలసిన జవాబు హెయిర్ డ్రయ్యర్ గాలి, రబ్బరు చుట్టిన పట్టకారు, నిదానంగా తిప్పడం. చేత్తో పట్టుకోలేనంత వేడెక్కితే సెల్యులాయిడ్‌కి ఎక్కువైనట్టే లెక్క. కొవ్వొత్తి, లైటర్ మాట వస్తే పెన్ను వెనక్కి తీసుకోండి, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది. పార్కర్ 51లో పాళీని కప్పి ఉంచే తొడుగు కూడా లక్కతోనే బిగించి ఉంటుంది. వేడి చేయకుండా బలవంతంగా తిప్పితే చిట్లుతుంది. మీకు వచ్చిన పెన్ను తొడుగు మీద పట్టకారు పళ్ళ గాట్లు కనిపిస్తే, ఇంతకుముందే ఎవరో దాన్ని హింస పెట్టారని అర్థం.

మూడోది పార్కర్ వాక్యూమాటిక్, అంటే వెనక మీట నొక్కి ఇంకు పీల్చే పెన్ను, ఉన్నవాళ్ళకే. వెనక మీట ఉన్న మరను పట్టి విప్పడానికి ప్రత్యేకమైన బిగింపు పనిముట్టు ఉంటుంది. అది ఉందా అని అడగండి. మామూలు పట్టకారుతో తీస్తే మర చెడుతుంది.

నాలుగోది: "పాలిష్ పెడతారా?" యంత్రం మీద తళతళలాడిస్తే గీతలతో పాటు బ్యారెల్ మీద చెక్కిన కంపెనీ పేరు, సంవత్సరం అంకె కూడా పోతాయి. పాత పెన్నుకి సగం విలువ ఆ అక్షరాల్లోనే ఉంది. పాళీ చివర అరగదీయడం కూడా అంతే, అరిగినదాన్ని మళ్ళీ పెంచలేరు.

ఇన్ని అడిగాక "ఇది నా వల్ల కాదండీ, ఫలానా చోటికి పంపండి" అన్నవాళ్ళ నంబరు దాచుకోండి. వేరే పనికి నిశ్చింతగా వాళ్ళ దగ్గరికే వెళ్ళొచ్చు. అన్నీ చేస్తామనే దుకాణాలతోనే పేచీ. తాతగారి పెన్నుతో ఎవరినీ పరీక్షించకండి. పక్కనున్న లీవరు ఎత్తి దించి ఇంకు నింపే చవక పెన్ను ఒకటి సంచి మార్చమని ఇచ్చి ముందు పనితనం చూడండి.

పెన్ను ఇచ్చేటప్పుడు పాళీని దగ్గరగా ఫోటో తీయండి. 14 క్యారెట్ పాళీ మీద 14కె గానీ 585 గానీ ఉంటుంది, 18 క్యారెట్‌కి 750. రసీదులో మోడల్, రంగు, పాళీ మీది అక్షరాలు రాయించండి. "తీసిన పాత భాగాలు తిరిగి ఇవ్వాలి" అని కూడా. బంగారం ధర చూసి పాళీ ఊడబీకి అమ్ముకున్న పెన్నులు, మారిపోయిన పాళీలు ఎన్నో తిరుగుతున్నాయి. అడ్వాన్సు ఇవ్వాల్సి వస్తే భాగాల ఖర్చు వరకే ఇవ్వండి.

కొనడం వేరే కథ. అమ్మేవాళ్ళు వాడే మాటలకి అర్థం తెలియాలి. "అన్‌టెస్టెడ్" అంటే పనిచేయదని అనుకునే ధర కట్టండి. "రీస్టోర్డ్" అంటే ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో ఒక్కొక్కటీ చెప్పమనండి. "కడిగి తుడిచాం" అని తేలితే అది రీస్టోర్ కాదు, స్నానం. ఫోటోలు కనీసం ఆరు అడగండి: పాళీ పైనుంచి, కిందనుంచి, కొన ఎదురుగా, బ్యారెల్ మీది అక్షరాలు, మరలు, వెలుతురుకి ఎదురుగా పట్టిన క్యాపు అంచు. సన్నటి పగుళ్ళు దొరికేది ఆ చివరి ఫోటోలోనే. ఏడోది ఆ పెన్నుతోనే మీ పేరు, ఆరోజు తేదీ రాసిన కాగితం పక్కన పెన్ను. వేరేవాళ్ళ ఫోటోలు పెట్టి అమ్మేవాళ్ళు అక్కడే జారుకుంటారు.

తేదీలు కూడా సరిచూడండి. పార్కర్ 51 వచ్చింది 1941లో. మొదట్లో వాక్యూమాటిక్ పద్ధతి. లోపలి లోహపు పట్టీని నొక్కి ఇంకు పీల్చే ఏరోమెట్రిక్ 1948లో గానీ రాలేదు. "1944 నాటి ఏరోమెట్రిక్" అని ఎవరైనా అమ్ముతుంటే తెలియక అంటున్నారో, రెండు పెన్నుల ముక్కలు కలిపారో అడగాలి. అప్పటి అమెరికా తయారీ బ్యారెళ్ళ మీద సంవత్సరంలోని చివరి అంకె చెక్కి ఉంటుంది, 5 ఉంటే 1945. మరో సంగతి, ఏరోమెట్రిక్‌లో సంచి రబ్బరుది కాదు, పారదర్శకమైన ప్లాస్టిక్‌ది. దశాబ్దాలు నిలుస్తుంది. చాలా పెన్నుల్లో అసలు సంచే ఇంకా పనిచేస్తోంది. విప్పి చూడకుండానే "సంచి మార్చాలి" అన్నవాళ్ళతో జాగ్రత్త. లీవరు పెన్నుల రబ్బరు మాత్రం మన ఉక్కకి జిగురుగా కరిగిపోతుంది, లోపలి స్టీలు పట్టీ సముద్రపు గాలికి తుప్పు పడుతుంది. విశాఖ ఇళ్ళలో దొరికే లీవరు పెన్ను ఏదైనా సంచి, పట్టీ రెండూ మార్చే ఖర్చు కలుపుకునే బేరమాడండి.

పార్సిల్‌లో పంపేటప్పుడు ఇంకు పూర్తిగా ఖాళీ చేసి ఆరబెట్టండి. హార్డ్‌వేర్ షాపులో ముప్పావు అంగుళం పీవీసీ పైపు 18 సెంటీమీటర్లు కోయించుకోండి. పెన్నుని మెత్తని గుడ్డలో చుట్టి లోపల పెట్టి, రెండు చివరలా గుడ్డ కుక్కి టేపు వేయండి. ఊపితే చప్పుడు రాకూడదు. విలువ చూపించి ఇన్సూరెన్స్ చేయించండి. అవతలివాళ్ళు విప్పేటప్పుడు వీడియో తీయమని ముందే చెప్పండి, మీకు తిరిగి వచ్చినప్పుడు మీరూ తీయండి.

పని అయ్యి వచ్చిన పెన్నుని ఇంకుతో కాదు, ముందు నీళ్ళతో చూడండి. లీవరు ఎత్తి దించాక 10 సెకన్లు పాళీని నీళ్ళలోంచి తీయకండి, సంచి నిండడానికి ఆ మాత్రం కావాలి. తర్వాత పాళీ కిందికి ఉండేలా కాగితం మీద 10 నిమిషాలు పట్టుకోండి. కొన దగ్గర చిన్న తడి మచ్చ ఫరవాలేదు. మర దగ్గర తేమ కనిపిస్తే అతుకు సరిగా పడలేదు, వెంటనే ఫోటో పంపండి. అది బాగుంటే ఇంకు నింపి ఒక పేజీ ఆపకుండా రాయండి. మొదటి రెండు వరుసలు అందరికీ బాగానే వస్తాయి, ఇంకు సరఫరా సంగతి పదిహేనో వరుసలో తెలుస్తుంది. రాత్రి క్యాపు పెట్టి పాళీ పైకి ఉండేలా నిలబెట్టండి. పొద్దున మొదటి గీతకే పడితే మిగతా డబ్బు పంపించేయండి.