పాత స్పైడర్‌మ్యాన్ కార్టూన్ చూసి రాసేవాళ్లకు చిన్న చిట్కా

1967 నాటి స్పైడర్‌మ్యాన్ కార్టూన్‌ని వరసగా మళ్ళీ చూస్తూ రివ్యూలు రాద్దామని కూర్చుంటే ఒకటే చికాకు: ఏ సీను ఏ కథలోదో గుర్తుండదు. ఖర్చు కలిసొస్తుందని, భవనాల మధ్య ఊగే షాట్లనే తిప్పి తిప్పి వాడారు మరి.

మొదటి సీజన్‌లో చాలా ఎపిసోడ్లకు రెండేసి కథలుంటాయి, ఒక్కోటీ సుమారు పది నిమిషాలు. అందుకని ఎపిసోడ్‌కి కాకుండా కథకో పేజీ పెట్టుకోండి. ఆటోప్లే ఆపేసి, ఒకసారి పూర్తిగా చూడండి. అయిపోగానే, తర్వాతిది మొదలుపెట్టకముందే మూడు లైన్లు రాసేయండి: విలన్‌కి ఏం కావాలి, పీటర్ ఎలా గట్టెక్కాడు, మీ కంటికి ఆనిన ఒక్క దృశ్యం.

రెండోసారి ఒకటిన్నర స్పీడులో పెట్టండి. ముందే చూసేసిన షాట్ వస్తే నిమిషం, సెకను వేసి పక్కన ‘పా’ అని, కొత్తదైతే ‘కొ’ అని రాయండి. రివ్యూకి కావలసిన సరుకంతా ‘కొ’ల్లోనే దొరుకుతుంది. పీటర్ పనిచేసే పత్రిక యజమాని జేమ్సన్ అరుపులకు మాత్రం ఏ గుర్తూ అక్కర్లేదు, పాతవైనా హాయిగా ఉంటాయి.

నిర్మాణం యానిమేటర్ రాల్ఫ్ బాక్షీ చేతికి వచ్చిన తర్వాతి సీజన్లలో ఈ గుర్తుల్ని పూర్తిగా నమ్మకండి. ‘రివోల్ట్ ఇన్ ది ఫిఫ్త్ డైమెన్షన్’ అనే ఎపిసోడ్‌లో చాలా భాగం ‘రాకెట్ రాబిన్ హుడ్’ అనే వేరే కార్టూన్ నుంచి తెచ్చిందే. అది చూడనివాళ్లకు అంతా ‘కొ’ లాగే కనిపిస్తుంది. ఈ కథకు ఆ రెండో కార్టూన్‌లోని ‘డిమెన్షియా ఫైవ్’ ఎపిసోడ్ కూడా చూశాకే రాయండి.