తిరుపతి–చిత్తూరు లింకుపై ఫోను మాటకు ప్రాధాన్యం ఇచ్చే విధానం

తిరుపతిలో ప్రధాన కార్యాలయం, చిత్తూరు శివార్లలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉన్న ఒక సంస్థను ఉదాహరణగా తీసుకుందాం. రెండింటినీ సెకనుకు 10 మెగాబిట్ల లింకు కలుపుతోంది. తోతాపురి కాయ దిగే నెలల్లో కాటా బిల్లులు, సీసీ కెమెరా రికార్డింగులు, బ్యాకప్‌లు అన్నీ ఆ ఒక్క లింకు మీదే పడతాయి. అప్పుడు ఐపీ ఫోనులో, అంటే ఇదే నెట్‌వర్క్ మీద నడిచే ఫోనులో, మాట తెగిపోతుంది. దీనికి దూరం కారణం కాదు. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు చాలు కనుక, ఈ 70 కిలోమీటర్లకు అర మిల్లీసెకను కూడా పట్టదు. ఆలస్యమంతా ప్యాకెట్లు (డేటాను విడగొట్టి పంపే చిన్న ముక్కలు) వరుసలో నిలబడే చోటే పుడుతుంది.

ముందుగా మాటకు ఎంత కావాలో లెక్క వేసుకోవాలి. మాటను డిజిటల్ రూపంలోకి మార్చే జీ.711 కోడెక్‌లో 20 మిల్లీసెకన్లకొక ప్యాకెట్ చొప్పున సెకనుకు 50 ప్యాకెట్లు వెళ్తాయి. అసలు మాట 64 కిలోబిట్లే అయినా, ప్యాకెట్లకు తగిలించే చిరునామా వివరాలు, అంటే హెడర్లన్నీ కలుపుకొంటే ఈథర్‌నెట్ మీద ఒక్కో కాల్‌కు ఒక్కో దిశలో సుమారు 87 కిలోబిట్లు అవుతుంది. మాటను మరింత కుదించే జీ.729 కోడెక్ అయితే 31 సరిపోతుంది. ఒకేసారి పది కాల్స్ నడిచినా జీ.711లో 1 మెగాబిట్ దాటదు కాబట్టి, ఇక్కడ కొరత బ్యాండ్‌విడ్త్‌ది కాదు, సమయానిది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మాటకు పెద్దగా ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ తన జీ.114 సిఫార్సులో చెబుతుంది. జిట్టర్‌ను (ప్యాకెట్ల ఆలస్యంలో హెచ్చుతగ్గులను) 30 మిల్లీసెకన్ల లోపు, ప్యాకెట్ నష్టాన్ని 1 శాతం లోపు ఉంచడం వాడుకలో ఉన్న కొలత.

తరువాత గుర్తులు వేయాలి. ప్యాకెట్ హెడర్‌లో దాని ప్రాధాన్యాన్ని చెప్పే అంకెను డీఎస్‌సీపీ అంటారు. మాట ప్యాకెట్లకు డీఎస్‌సీపీ 46, అంటే ఈఎఫ్ (త్వరగా పంపాల్సిన తరగతి), వేయడం ప్రమాణం. కాల్ సిగ్నలింగ్‌కు, అంటే కాల్ కలిపే, ముగించే సందేశాలకు, సిస్కో ఫోన్లు 24 వాడతాయి. గుర్తు స్విచ్ దగ్గరే పడాలి, అదీ ఫోన్ల వాయిస్ వీల్యాన్ (స్విచ్‌లో ఫోన్లకే వేరుచేసిన నెట్‌వర్క్) నుంచి వచ్చినదాన్నే నమ్మాలి. కంప్యూటర్లు తెచ్చిన గుర్తును కూడా నమ్మితే, ఏ డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేరైనా తనకు తానే 46 వేసుకుని మాటతో పాటు ముందుకు వచ్చేస్తుంది.

అసలు మెలిక షేపింగ్‌లో, అంటే పంపే వేగాన్ని రూటర్‌లోనే ఒక హద్దులో ఉంచడంలో, ఉంది, చాలామంది దీన్నే వదిలేస్తారు. రూటర్ పోర్టు వేగం 1 గిగాబిట్, సర్వీసు ఇచ్చేవారు అనుమతించేది 10 మెగాబిట్లు. తన పోర్టు ఖాళీగానే ఉందనుకుని రూటర్ అంతా తోసేస్తుంది. వరుస అవతలి మోడెంలో పేరుకుంటుంది, లేదా అక్కడి పరిమితి మాటా డేటా అని చూడకుండా ప్యాకెట్లను పడేస్తుంది. మోడెంలో 1 మెగాబైటు పోగుపడితే చాలు, 10 మెగాబిట్ల మీద అది ఖాళీ కావడానికి 0.8 సెకను పడుతుంది. అలిపిరి తనిఖీ దగ్గర వాహనాలు బారులు తీరినప్పుడు బస్టాండులో ముందు బయలుదేరదీసి ఏం లాభం? అందుకే రూటర్‌లో మొత్తం రవాణాను 9.5 మెగాబిట్లకు షేప్ చేసి, వరుసను మన చేతిలోకి తెచ్చుకుని, దాని లోపల తరగతులు పెట్టాలి.

ఆ తరగతుల్లో మాటకు ప్రయారిటీ క్యూ (అన్నిటికంటే ముందు పంపే వరుస) ఇచ్చి 1 మెగాబిట్ హద్దు కట్టాలి. ఎంత ఉదారంగా ఇచ్చినా లింకులో మూడో వంతు దాటకపోవడం మేలు, లేకుంటే డేటా ఆకలితో మాడుతుంది. సిగ్నలింగ్‌కు 5 శాతం, బిల్లింగ్‌కు 40 శాతం కనీస హామీ ఇచ్చి, కెమెరా రికార్డింగులను, బ్యాకప్‌లను అట్టడుగు తరగతిలో వేయవచ్చు. 10 మెగాబిట్ల మీద 1500 బైట్ల ప్యాకెట్ వెళ్లడానికి 1.2 మిల్లీసెకన్లే కాబట్టి పెద్ద ప్యాకెట్లను ముక్కలు చేయనక్కర్లేదు.

ఈ అమరిక బయటికి వెళ్లే దిశకే పనిచేస్తుంది. కనుక చిత్తూరు రూటర్‌లో చేసినదంతా తిరుపతి రూటర్‌లోనూ చేయాలి. ఎంపీఎల్ఎస్ లింకు (సర్వీసు ఇచ్చేవారి సొంత నెట్‌వర్క్ మీద నడిచే ప్రైవేటు లింకు) అయితే 46ను ఏ తరగతిలో వేస్తారో సర్వీసు ఇచ్చేవారి నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. మామూలు బ్రాడ్‌బ్యాండ్ అయితే బయటి దారిలో గుర్తుకు విలువ ఉంటుందని లెక్కలోకి తీసుకోకూడదు. అప్పుడు షేపింగ్ ఒక్కటే ఆధారం.

పరీక్ష ఖాళీ లింకు మీద చేస్తే ఏమీ తేలదు. పెద్ద ఫైలు అప్‌లోడ్ పెట్టి, అదే సమయంలో కాల్ మాట్లాడుతూ, ప్రయారిటీ క్యూలో పడిపోయిన ప్యాకెట్ల సంఖ్యను చూడాలి. ఆ సంఖ్య పెరుగుతుంటే వెంటనే హద్దు పెంచకుండా, ఏకకాలంలో ఎన్ని కాల్స్ నడుస్తున్నాయో చూడాలి: హద్దు దాటించే ఒక్క అదనపు కాల్ వల్ల నడుస్తున్న కాల్స్ అన్నీ చెడతాయి కనుక, పీబీఎక్స్‌లో (సంస్థ సొంత ఫోన్ ఎక్స్ఛేంజిలో) ఈ లింకుకు కాల్స్ పరిమితి పెట్టి, ఆపై వచ్చేవాటికి బిజీ టోన్ వినిపించాలి.