తెల్ల పువ్వుకు నీడ కుదిరిన విధం

మా పెరట్లో నందివర్ధనం ఉంది, ఐదు రేకుల ఒంటి రకం. దాన్ని వాటర్ కలర్‌లో నాలుగుసార్లు వేశాను. నాలుగుసార్లూ పువ్వు మురికి పట్టినట్టే వచ్చింది.

తప్పు నీడల్లో ఉంది. నల్లరంగును నీళ్లతో పలచన చేసి నీడ వేసేదాన్ని. అది మానేసి అల్ట్రామెరీన్ నీలంలో కొంచెం బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు కలిపాను. మెత్తటి బూడిదరంగు వచ్చింది. దాన్ని దాదాపు నీళ్లంత పలచగా వేసి, పూర్తిగా ఆరాకే రెండో పూత వేశాను. రేకుల చుట్టూ పెన్సిల్ గీత కూడా చెరిపేసి, వెనకాల ఒక ముదురాకు వేశాను. ఆకుపచ్చ పక్కన కాగితం తెలుపే రేకులా కనబడింది! తెల్లరంగు చుక్క కూడా వాడలేదు.

ఇంకో తప్పు రేకుల ఆకారంలో. మొదట నక్షత్రంలా గీసేశాను. భూతద్దంతో చూస్తే రేకులన్నీ గాలిమరలా ఒకే వైపు మెలి తిరిగి ఉన్నాయి. ఆ మెలిక లేకపోతే అది నందివర్ధనమే కాదు. సామర్లకోటలో పనిచేసిన స్కాట్లాండ్ వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ మన చిత్రకారుల చేత ఇలాంటి మొక్కల బొమ్మలు ఎన్నో వేయించాడు. వాటిలో 300 బొమ్మలు 1795 నుంచి సంపుటాలుగా అచ్చయ్యాయి. వేసినవాళ్ల పేర్లు చాలావరకు మనకు దక్కలేదు, అది నాకు నిజంగా బాధ.

కోసిన కాడ నుంచి పాలు కారతాయి, పువ్వు త్వరగా వాడుతుంది. అందుకే కొమ్మను వెంటనే నీళ్లలో పెట్టి, ముందు పువ్వే వేస్తున్నాను. ఆకులు సాయంత్రం దాకా ఆగుతాయి.