కుళాయి నీళ్లు తేడాగా వస్తున్నాయా? ముందు మూడు గ్లాసులు పట్టండి

మాది గోదావరి డెల్టాలో ఓ చిన్న మున్సిపాలిటీ. కుళాయి రోజుకు రెండుసార్లు వస్తుంది, పొద్దున గంట, సాయంత్రం ముప్పావు గంట. కాలువ నీళ్లని చెరువులో నింపి, పటికతో తేర్చి, ఇసుక పడకల్లోంచి వడగట్టి, క్లోరిన్ కలిపి ట్యాంకు ఎక్కిస్తారు. రెండుసార్లు ఆ ఫిల్టర్ బెడ్ల దగ్గరికి వెళ్లి చూశాను. అక్కడ నీళ్లు తేటగానే ఉన్నాయి. మా వంటింటికి వచ్చేసరికి మాత్రం రోజుకో రంగు, పూటకో వాసన. అంటే మా ఊళ్లో నీళ్లు చెడేది ఎక్కువగా దారిలో. ఆ దారి చూడకుండానే మా వీధిలో సగం మంది వేలు పోసి ఆర్వో మిషన్లు బిగించుకున్నారు.

మిషన్ కొనేముందు ఓ పని చేయండి. కుళాయి వచ్చే టైముకి మూడు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకటి గేటు పక్కన మెయిన్ నుంచి నేరుగా వచ్చే కుళాయి దగ్గర, ఒకటి సంపులోంచి, ఇంకోటి వంటింట్లో పై ట్యాంకు కుళాయి కింద పట్టండి. వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి, వాసన చూడండి. మొదటి గ్లాసే తేడాగా ఉంటే పక్కింటివాళ్లనీ ఒక గ్లాసు పట్టమనండి. వాళ్లవి బాగుంటే తప్పు వీధి పైపు నుంచి మీ ఇంటికొచ్చే సర్వీసు పైపుది, వాళ్లవీ అలాగే ఉంటే వీధి పైపుదో అంతకన్నా ఎగువదో. మొదటిది బాగుండి రెండోది తేడా అయితే సంపు. మొదటి రెండూ బాగుండి మూడోది తేడా అయితే మేడ మీద ట్యాంకు, దాని పైపులు.

మొదటి పది నిమిషాలు మురుగు వాసన, తర్వాత తేట

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. మనం తేలిగ్గా తీసుకునేదీ ఇదే. "మొదట కాసేపు వదిలేస్తే సరిపోద్దండి" అని వాల్వు తిప్పే ఆయనే చెబుతాడు.

కారణం ఇది. కుళాయి కట్టేశాక పైపు ఖాళీ అవుతూ గాలిని లోపలికి పీలుస్తుంది. నమ్మకపోతే నీళ్లు ఆగిపోతున్నప్పుడు పల్లపు వీధి కాకుండా కాస్త మెరక మీదున్న ఇంట్లో కుళాయి మూతికి తడి ఆకు ఆనించి చూడండి, అతుక్కుపోతుంది. పైపుకి ఎక్కడైనా చిల్లు ఉండి, ఆ చిల్లు డ్రెయినేజీలో మునిగి ఉంటే పీల్చేది గాలిని కాదు, మురుగుని. మర్నాడు పొద్దున ముందు మీ బిందెలోకి వచ్చేది అదే. కుళాయికి మోటారు బిగించి లాగితే నీళ్లు వస్తున్నప్పుడు కూడా ఇదే జరుగుతుంది. మీ పైపుకి చిల్లు లేకపోయినా పక్కింటి చిల్లులోంచి మురుగు మీకూ వస్తుంది.

మూడేళ్ల కిందట శ్రావణమాసంలో మా ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి విరోచనాలు పట్టుకున్నాయి. అందరం కలిసి దాన్ని ఓ పెళ్లి భోజనం మీదకి నెట్టేశాం. వారం తర్వాత మళ్లీ మొదలైతే అప్పుడు ప్లంబర్‌ని పిలిచాం. గేటు ముందు డ్రెయిన్ మీది పలక లేపి, చెయ్యి పెట్టి తడిమి, మా జీఐ (జింకు పూత ఇనప) పైపు వంపు దగ్గర పొరలు పొరలుగా ఊడొచ్చిన తుప్పు తీసి చూపించాడు. దాని వెనక పెన్ను మూత పట్టేంత బెజ్జం. "ఇదిగోనండి, ఇన్నాళ్లూ మీరు తాగింది దీంట్లోంచేనండి" అన్నాడు. ఆ పైపు వేసినప్పుడు డ్రెయిన్ లేదు. తర్వాత డ్రెయిన్ కట్టినవాళ్లు పైపుని లోపలే వదిలేసి పోయారు.

ఏం చేయాలంటే:

చిల్లు దొరికేదాకా తాగేవి, పళ్లు తోముకునేవి, పిల్లల పాల సీసాలు కడిగేవి అన్నీ కాచినవే అయ్యుండాలి. పొగలు రావడం కాదు, తెర్లాలి. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచి దించండి. మూతపెట్టి అదే గిన్నెలో చల్లారనివ్వండి, ఇంకో బిందెలోకి మార్చొద్దు.

చిల్లు వెతకాలంటే కుళాయి వచ్చేటప్పుడు డ్రెయిన్ వెంబడి నడవండి. మురుగులో ఎక్కడైనా బుడగలు, ఊట కనపడితే అక్కడే. సర్వీసు పైపు మార్చేటప్పుడు అతుకులు లేని హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు వేయించండి, డ్రెయిన్‌కి పైనుంచి తీసుకెళ్లమనండి. కుదరకపోతే ఇంకో లావు పైపులో దూర్చి దాటించమనండి. డ్రెయిన్ గోడల మధ్య అతుకు మాత్రం ఉండకూడదు. మోటారు సంపుకే పెట్టుకోండి. వీధి నీళ్లు వాటంతటవి సంపులో పడనివ్వండి.

వీధిలో రెండు మూడు ఇళ్లలో ఒకేసారి విరోచనాలు మొదలైతే ఆ రోజే ఆశా కార్యకర్తకీ వార్డు సచివాలయానికీ చెప్పండి, మర్నాటిదాకా ఆగొద్దు. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో మనుషులు చనిపోయింది ఇలా కలుషితమైన కుళాయి నీళ్లు తాగే. ఓఆర్ఎస్ ప్యాకెట్ చేతికి దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలపండి. స్పూను గుమ్మటంగా కాకుండా తల కొట్టి కొలవాలి.

ఎర్రగా వస్తున్నాయి

జులై, ఆగస్టుల్లో అయితే ముందు గోదావరి వంక చూడండి. వరద నీళ్లు ఎర్రగా దిగితే మా ప్లాంటు తట్టుకోలేదు, ఎంత పటిక వేసినా కొంత మిగిలిపోతుంది. గ్లాసు రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున మెత్తటి మట్టి పేరుతుంది. బిందెలో పటిక ముక్క నాలుగు చుట్లు తిప్పి వదిలేస్తే పొద్దున్నకి తేరుతుంది. మా నాయనమ్మ కుండ లోపల చిల్లగింజ అరగదీసేది, అదీ ఇదే పని చేస్తుంది, మట్టిని ముద్దకట్టించి అడుక్కి దించుతుంది. రెండూ తేర్చేవే, క్రిముల్ని చంపేవి కావు. తేరాక కాచాల్సిందే.

ఏ కాలమైనా ఇసుకలా బరువైన ఎర్ర రేణువులు పడి, తెల్ల గుడ్డ మీద కాషాయపు మరక అవుతుంటే అది పాత జీఐ పైపు తుప్పు. పైపు మార్చడమే మందు.

బోరు నీళ్లు పట్టినప్పుడు తేటగా ఉండి గంటా రెండు గంటలకి ఎర్రబడి పైన తెట్టు కడుతుంటే అందులో ఇనుము కరిగి ఉంది. ఆ నీళ్లతో టీ పెడితే నల్లగా దిగుతుంది. తొట్టిలో పైనుంచి ధారగా పడేలా చేసి గాలి తగలనిచ్చి, నిలవబెట్టి, ఇసుకలో వడగడితే చాలావరకు పోతుంది.

పాలలా తెల్లగా

గ్లాసులో అడుగునుంచి పైకి తేటపడుతూ వస్తే గాలి బుడగలే, హాయిగా వాడుకోండి. పైనుంచి కిందకి తేరుతుంటే మట్టి.

వాసనలు

ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, జూన్‌లో వదులుతారు. ఈలోపు ఊరంతా తాగేది చెరువులో నిలవ ఉన్న నీళ్లే. మే నెలకి చెరువు అడుగంటి నాచు పట్టి నీళ్లకు మట్టి వాసన, పాకుడు వాసన వస్తుంది. ఆ వాసన వల్లే జబ్బు రాదు, కానీ గొంతు దిగదు. బొగ్గు ఉన్న ఫిల్టరు బాగా లాగేస్తుంది. జూన్‌లో కాలువ వదిలాక మొదటి వారం మాత్రం నాకు భయం. రెండు నెలలు ఎండిన కాలువలోని చెత్తంతా ముందు కొట్టుకొచ్చేది అప్పుడే. ఆ వారం మా ఇంట్లో కాచకుండా ఎవరం తాగం.

బ్లీచింగ్ వాసన వస్తోందని జనం కంప్లైంట్ చేస్తారు. కొంచెం వాసన ఉండాలి. వెడల్పాటి గిన్నెలో పోసి గంటా రెండు గంటలు వదిలేస్తే పోతుంది. కుళ్లిన గుడ్ల వాసనైతే బోరుదో, వాడకుండా చాలా రోజులు నిలవున్న పైపుదో అయ్యుంటుంది.

దారాల్లాంటి ఎర్ర పురుగులు

ఇవి కుళాయిలోంచి కంటే మన ట్యాంకులోంచే ఎక్కువ వస్తాయి. మూత సరిగ్గా కూర్చోని ట్యాంకులో దోమలాంటి ఈగలు గుడ్లు పెడతాయి, అడుగు బురదలో ఆ పురుగులు పెరుగుతాయి. ట్యాంకు కడిగి మూత బిగించండి. అందరూ మర్చిపోయేది పొర్లు పైపు, దాని మూతికి దోమతెర ముక్క కట్టండి.

కడిగాక బ్లీచింగ్ లెక్క ఇది: 1000 లీటర్లకు 2.5 గ్రాములు, అంటే తల కొట్టిన అర టీస్పూను కంటే కాస్త ఎక్కువ. నేరుగా ట్యాంకులో చల్లొద్దు. మగ్గులో జావలా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పై తేట మాత్రమే పోయండి. గంట ఆగి వాడుకోండి. మంచి బ్లీచింగ్‌లో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది, కానీ మూత తీసి పెడితే ఎగిరిపోతుంది. కొట్లో తెరిచి పెట్టిన గోనెసంచిలోంచి ఇచ్చేది, ముక్కు దగ్గర పెట్టినా ఘాటు కొట్టనిది, ఒట్టి సున్నం.

ఉప్పగా ఉన్నాయి, లేక ఆర్వో అమ్మేవాడు వచ్చాడు

సముద్రం దగ్గరి ఊళ్లలో, రొయ్యల చెరువుల పక్కన బోర్లు ఉప్పెక్కాయి. నీళ్లు చాలక కుళాయి నీళ్లలో బోరు కలిపితే రుచి మారుతుంది, పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. అప్పుడు నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు పనికొస్తుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని, వేరే నీళ్లు లేకపోతే 2000 దాకా ఫర్వాలేదని భారత ప్రమాణం. ఈ అంకె ఉప్పుల లెక్క మాత్రమే, క్రిముల లెక్క కాదు. డ్రెయిన్‌లో చిల్లుపడ్డ మా కుళాయి పైపులోంచి వచ్చిన నీళ్లు కూడా మీటరు మీద బంగారంలా కనపడ్డాయి.

అమ్మేవాళ్ల దగ్గర రెండు జతల ఇనప కడ్డీల పరికరం ఒకటి ఉంటుంది. ఒక జత మీ కుళాయి నీళ్లలో, ఇంకో జత వాళ్ల ఆర్వో నీళ్లలో ముంచి కరెంటు పెడతారు. నిమిషంలో మీ గ్లాసు తుప్పు రంగుకి తిరుగుతుంది, వాళ్లది తేటగానే ఉంటుంది. "చూశారా మేడమ్, ఇదంతా మీ పొట్టలోకే" అంటారు. ఆ రంగు నీళ్లలోది కాదు, కడ్డీది. ఉప్పులున్న నీళ్లలో కరెంటు పారి ఇనుము కరుగుతుంది, ఆర్వో నీళ్లలో పారదు కాబట్టి కరగదు. మా ఇంటికొచ్చిన కుర్రాడిని వాళ్ల నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమన్నాను. ఇంకో అపాయింట్‌మెంట్ ఉందన్నాడు.

కాలువ నీళ్లకు టీడీఎస్ మామూలుగానే తక్కువ, అక్కడ ఆర్వో దండగ. బిందె నీళ్లకు రెండు మూడు బిందెలు కాలువపాలు చేస్తుంది. 500 లోపున్న చోట ఆర్వో వద్దని జాతీయ హరిత ట్రైబ్యునల్ కూడా 2019లో చెప్పింది. కాంతితో క్రిముల్ని చంపే యూవీ ఫిల్టరు చాలు, అదీ నీళ్లు తేటగా ఉంటేనే పని చేస్తుంది.

ఏ తేడా లేదు, కానీ బోరు నీళ్లే తాగుతున్నాం

ఫ్లోరైడ్‌కి రంగు, రుచి, వాసన లేవు. అది ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ ఇప్పటి ప్రకాశం జిల్లా వైపు 1937లోనే బయటపడింది, నల్గొండ సంగతి అందరికీ తెలుసు. కాస్తే పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. జిల్లా ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబులో పరీక్ష చేయించుకోవాలి. ఎక్కువని తేలితే అక్కడ మాత్రం ఆర్వో నీళ్లు అవసరమే.

కంప్లైంట్ ఎలా ఇవ్వాలి

"నీళ్లు బాగోలేవండి" అంటే ఎవరూ కదలరు. తేదీ, కుళాయి వచ్చిన టైము, ఎన్ని నిమిషాలు అలా వచ్చాయి, ఎన్ని ఇళ్లలో, తెల్ల కాగితం ముందు గ్లాసు ఫొటో. ఇవన్నీ రాసి వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి ఇచ్చి రసీదు తీసుకోండి. రెండోసారి కూడా కదలకపోతే అధికారులు అర్జీలు తీసుకునే సోమవారం గ్రీవెన్సులో పెట్టండి. వాళ్లు వచ్చినప్పుడు క్లోరిన్ పరీక్ష అడగండి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తిరగాలి, క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ట్యాంకు పక్కింట్లో చేసి వెళ్లిపోబోతారు. వీధి చివర, కుళాయి సన్నగా వచ్చే ఇంటికి తీసుకెళ్లండి. మా వీధిలో మొదటి ఇంట్లో గొట్టం నిమ్మపండులా తిరిగింది, చివరి ఇంట్లో మంచినీళ్లలా ఉండిపోయింది. ఆ మధ్యలోనే తవ్వారు.