రోజూ ఒకే రకం భోజనంతో బరువు తగ్గాలనుకుంటే

రోజూ ఒకే రకం భోజనం చేస్తూ బరువు తగ్గాలనుకునేవారు ఈ పద్ధతి బలం వంటకంలో కాక కొలతలో ఉందని ముందుగా గ్రహించాలి. పెసరట్టుకు గానీ రాగి సంగటికి గానీ కొవ్వును కరిగించే ప్రత్యేక గుణమేదీ లేదు. రోజూ అదే తింటే ఎంత తింటున్నామో తెలుస్తుంది, ఆకలి వేళ ఏం తినాలా అన్న తర్జనభర్జన ఉండదు. పైగా విస్తట్లో రకాలు పెరిగేకొద్దీ కడుపు నిండినా చేయి ఆగదన్నది పెళ్లి భోజనం చేసిన ప్రతివారికీ అనుభవమే.

అయితే మూడు పూటలూ ఇలా బిగించుకోవద్దని నా సలహా. ఉదయం, మధ్యాహ్నం మాత్రం స్థిరంగా పెట్టుకుని, రాత్రికి ఇంట్లో వండినదే కాస్త తగ్గించి తినండి. ఇంటిల్లిపాదీ ఒకటి తింటుంటే ఒక్కరే వేరే పళ్లెం పెట్టుకుని కూర్చోవడం నెలల తరబడి సాగదు.

ఇన్సులిన్ గానీ మధుమేహానికి మాత్రలు గానీ వాడుతున్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఇది మొదలుపెట్టకూడదు. కూర్చుని పనిచేసేవారికి సరిపడే ఒక ఉదాహరణ చెబుతాను. పొలం పని చేసేవారికి ఇది చాలదు.

ఉదయానికి 60 గ్రాముల పెసలు రాత్రే నానబెట్టి, అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి, ఉప్మా లేకుండా పెసరట్లు పోసుకుంటే, నూనె కాక సుమారు 200 కేలరీలు, 14 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. అల్లం పచ్చడిలో బెల్లం ఉంటుంది కనుక ఒక చెంచాతో సరిపెట్టుకోవాలి. మధ్యాహ్నానికి 60 గ్రాముల బియ్యం, 40 గ్రాముల కందిపప్పు, పావుకిలో కూరగాయలు, గ్లాసుడు పలుచని మజ్జిగ. అన్నం పీల్చుకున్న నీటిని బట్టి దాని బరువు మారుతుంది కనుక బియ్యాన్ని, పప్పును వండకముందే తూచాలి. అందరికీ ఒకే కుక్కర్‌లో వండే ఇంట్లో ఇది కష్టమనిపిస్తే, ఒక్కసారి మాత్రం మీ 60 గ్రాములు వేరుగా వండి, ఆ అన్నం ఏ గిన్నెకు సరిపోతుందో చూసుకుని, రోజూ ఆ గిన్నెతోనే వడ్డించుకోండి.

లెక్క తప్పేది ఎక్కువగా నూనె దగ్గరే. 5 మిల్లీలీటర్ల చిన్న చెంచాడు నూనెలో సుమారు 40 కేలరీలు ఉంటాయి. అట్టు చుట్టూ నూనె కొలవకుండా పోసి, పప్పులో తాలింపు పెట్టి, కూరలో మరికాస్త వేస్తే, ఎంతో జాగ్రత్తగా తగ్గించిన అన్నం విలువంతా నూనె రూపంలో తిరిగి వచ్చేస్తుంది. రోజుకు మూడు చెంచాల చొప్పున వారానికి 105 మిల్లీలీటర్లు అవుతాయి. ఆ నూనెను ఆదివారం నాడు చిన్న సీసాలో పోసి, మీ వంటకు అదే వాడండి. సీసా గురువారానికే ఖాళీ అయితే పొరపాటు ఎక్కడుందో అక్కడే తెలిసిపోతుంది.

పప్పు అదే అయినా అందులోని ఆకు మారాలి. తోటకూర, గోంగూర, బచ్చలి, చుక్కకూర, మెంతికూర వంతులవారీగా వేసుకోవాలి. పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువ కనుక కిడ్నీలో రాళ్లు వచ్చినవారు దాన్ని రోజూ తినకూడదు. పప్పు దించాక నిమ్మరసం పిండుకుంటే ఆకుకూరల్లోని ఇనుము బాగా ఒంటబడుతుంది, భోజనం చేసిన వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది. కూరల్లో బీర, సొర, పొట్ల, దొండ ఏదైనా సరే. బంగాళాదుంప వండిన రోజున మాత్రం అన్నం తగ్గించుకోవాలి.

బరువును ఉదయం పరగడుపున చూసుకుని, ఏ రోజుకారోజు కాక వారం సగటును వారం సగటుతో పోల్చాలి. ఆవకాయ గట్టిగా తిన్న మర్నాడు కిలో పెరిగినట్టు కనిపిస్తే అది ఉప్పు పట్టి ఉంచిన నీరే. శరీరంలో కిలో కొవ్వు చేరాలంటే సుమారు 7,700 కేలరీలు అదనంగా తినవలసి ఉంటుంది.

శరీరం తేలికపడేకొద్దీ దానికి కావలసిన శక్తి కూడా తగ్గుతుంది కనుక, మొదట పనిచేసిన కొలతే కొన్ని నెలలకు బరువును కదలనివ్వకపోవచ్చు. వరుసగా మూడు వారాలు సగటు మారకపోతే బియ్యాన్ని 60 నుంచి 45 గ్రాములకు, నూనెను మూడు చెంచాల నుంచి రెండుకు తగ్గించండి. పెసలను, కందిపప్పును మాత్రం ముట్టుకోవద్దు, బరువు తగ్గే రోజుల్లో కండ కరగకుండా కాపాడేది ఆ మాంసకృత్తులే.