తుఫానులకు ముందే: సర్వర్ అప్‌గ్రేడ్ మధ్యలో ఆగకుండా

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు, ప్రకాశం తీరానికి తుఫానుల భయం. కావలిలోనో చీరాల దారిలోనో ఉన్న ఉబుంటు (ఒక రకం లినక్స్) సర్వర్ దగ్గరికి ఆ రోజుల్లో మనిషి చేరడం కష్టం. అప్‌గ్రేడ్ మధ్యలో ఆగకుండా ఇవి ఇప్పుడే చూసుకోండి.

– మీరు మార్చిన సెట్టింగుల ఫైళ్లు: ప్యాకేజీతో కొత్త ఫైలు వస్తే ‘పాతది ఉంచాలా, కొత్తది పెట్టాలా’ అని డీపీకేజీ (ప్యాకేజీలను ఎక్కించే సాధనం) ఆగి అడుగుతుంది. డీపీకేజీని నడిపించే ఆప్ట్‌కు ముందే చెప్పిన ‘వై’ (అన్నిటికీ సరే) ఈ ప్రశ్నకు జవాబు కాదు. డీపీకేజీకి ‘ఫోర్స్ కాన్ఫ్‌డెఫ్’, ‘ఫోర్స్ కాన్ఫ్‌ఓల్డ్’ అనే ఆప్షన్లు రెండూ ఇవ్వండి. మీ ఫైలు నిలుస్తుంది, కొత్తది ‘డీపీకేజీ డిస్ట్’ అనే తోకతో పక్కనే ఉంటుంది. కొత్త ఫైలునే పెట్టే ‘కాన్ఫ్‌న్యూ’ జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. మీ మార్పులు పక్కకు పోయి, సర్వీసు తప్పుడు సెట్టింగులతో లేవొచ్చు.

– ‘డెబియన్ ఫ్రంటెండ్’ను ‘నాన్‌ఇంటరాక్టివ్’ చేసే మాట (ప్రశ్నలు వేయొద్దని చెప్పేది) సుడో (అడ్మిన్ అధికారంతో నడిపే ఆదేశం) తర్వాత రాయండి. ముందు రాస్తే సుడో సాధారణంగా దాన్ని వదిలేస్తుంది.

– ఉబుంటు 22.04లో ‘నీడ్‌రీస్టార్ట్’ (ఏ సర్వీసులను మళ్లీ మొదలుపెట్టాలో చూసే సాధనం) కూడా ప్రశ్న వేస్తుంది. దాని మోడ్‌ను ‘ఏ’ (ఆటోమేటిక్) చేయండి.

– యూపీఎస్ బ్యాటరీ: మధ్యలో కరెంటు పోతే ప్యాకేజీలు సగంలో నిలిచిపోతాయి. అప్పుడు వాటిని పూర్తిచేసే ‘డీపీకేజీ కాన్ఫిగర్ ఏ’ ఆదేశం నడపాలి.

– బూట్ విభాగంలో ఖాళీ: నిండితే కొత్త కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) ఎక్కదు.